రెంటచింతల బాబాయ్‌కి ఏథెన్స్ నుంచి

బాబాయ్, పిన్నీ,

మీ విమానం టికెట్లు ఖరారైనందుకు సంతోషం. జులైలో వస్తున్నందుకు కొంచెం దడ. "రెంటచింతల ఎండలో పుట్టి పెరిగినవాణ్ణి, గ్రీకుల ఎండ నన్నేం చేస్తుందిరా?" అని బాబాయ్ ఫోన్లో మీసం మెలేశారు. కాదనను. కానీ ఈ పక్కనే ఎలెఫ్సినాలో 1977 జులైలో 48 డిగ్రీలు కాసింది. 2021లో సిసిలీ దాటేదాకా యూరప్‌లో ఆ రికార్డు జోలికి ఎవరూ పోలేదు.

అయినా డిగ్రీల గొడవ మనకెందుకు? రెంటచింతలలో మిట్టమధ్యాహ్నం మీరేం చేస్తారు? కూలర్లో నీళ్లు పోసి, తలుపులు బిగించి, లుంగీ మోకాళ్ల పైకి లాక్కుని పడుకుంటారు. ఇక్కడ సరిగ్గా ఆ వేళకే యాత్రికులు అక్రోపోలిస్ కొండెక్కుతారు. టికెట్టు కొన్నాక ఎండకు భయపడితే డబ్బులు దండగని వాళ్ల బాధ.

అక్రోపోలిస్ మీద తల దాచుకోను నీడ లేదు. పైనుంచి సూర్యుడు, కిందనుంచి పాలరాయి. జనం తొక్కీ తొక్కీ ఆ రాయి నున్నగా జారుతుంది కాబట్టి బాబాయ్ కిర్రుచెప్పులు ఇంట్లోనే వదిలేసి, రబ్బరు అడుగున్న బూట్లు తెచ్చుకోవాలి. వడగాడ్పులు మరీ ముదిరితే మధ్యాహ్నం 12 నుంచి 5 దాకా సర్కారువారే గేటు మూసేస్తుంటారు. అప్పుడు "లోపల మనకు తెలిసినవాళ్లెవరూ లేరా?" అని నన్నడగొద్దు.

పిన్నికి నచ్చేది ఒకటుంది. ఎరెక్థియాన్ గుడి వసారా కప్పును స్తంభాలకు బదులు ఆరుగురు రాతి ఆడవాళ్లు తలమీద మోస్తుంటారు. కొండమీద ఎండలో నిలబడ్డవన్నీ నకళ్లే! పొగకూ గాలికీ పాడవుతున్నారని 1979లో అసలువాళ్లను దించేశారు. అయిదుగురు ఇప్పుడు కింద మ్యూజియంలో, ఏసీలో ఉన్నారు. ఆరో ఆవిణ్ణి అంతకుముందెప్పుడో ఎల్గిన్ దొర పట్టుకుపోయాడు, లండన్‌లో ఉంది. దాదాపు 2400 ఏళ్లు నిలబడ్డ రాళ్లే నీడకు చేరాక, మోకాళ్ల నొప్పుల మనమెంత?

అందుకని పొద్దున్నే కొండ, పదింటికల్లా కిందికి, ఆ తర్వాత మ్యూజియం. అక్కడ అద్దాల నేల కింద పాత ఊరి గోడలు కనిపిస్తాయి. పిన్ని భయపడక్కర్లేదు, గట్టి అద్దమే. భోంచేసి పడక. ఎండాకాలం మూడు నుంచి అయిదున్నర దాకా ఇక్కడ చప్పుడు చేయకూడదని చట్టమే ఉంది. బాబాయ్ ఊరికి ఫోన్ చేస్తే అవతలివాళ్లకు ఫోన్‌తో పనే ఉండదు. కాబట్టి ఆ రెండున్నర గంటలు ఫోన్ నా దగ్గరే ఉంటుంది.

జులైలో పొద్దు గూకేసరికి తొమ్మిది కావస్తుంది. అప్పుడు థిస్సియోలో 1935 నాటి ఆరుబయలు సినిమాకు పోదాం. బొమ్మ అర్థంకాకపోతే మెడ తిప్పండి, దీపాల వెలుగులో అక్రోపోలిస్ కనిపిస్తుంది. కష్టపడకుండా కొండ చూడడమంటే అదే. ఇక్కడివాళ్లు పదింటికి గానీ భోజనానికి కూర్చోరు. పిన్ని ఎనిమిదింటికే కంచాలు పెడితే సాయంత్రం టిఫిన్ అనుకుంటారు.

ఉంటాను.
మీ అబ్బాయి

తా.క. కొండ టికెట్లు ఉదయం 8 గంటలవి తీశాను, వేళ దాటితే లోపలికి రానివ్వరు. బాబాయ్ ఏడింటికల్లా తయారుగా ఉండాలి. ఇక్కడ తెలుగు పేపరు రాదు గనక బాత్రూంలో గంట పట్టదనే నా ధైర్యం.