గడియార స్తంభం దగ్గర హెడ్ కోచ్‌లు

సన్‌రైజర్స్ మ్యాచ్ ఉన్న రోజు సాయంత్రం ఏడున్నర దాటాక అమలాపురం గడియార స్తంభం సెంటర్‌కి వెళ్లండి. టీ కొట్టు దగ్గర టీ తాగేవాళ్లెవరూ కనిపించరు. అందరూ కోచ్‌లే. కొబ్బరి వ్యాపారం చేసే ఒకాయన బ్యాటింగ్ చూసుకుంటారు. రొయ్యల చెరువులున్న ఇంకొకాయనది బౌలింగ్ శాఖ. మేత ఎప్పుడు వెయ్యాలో తెలిసినోడికి యార్కర్ ఎప్పుడు వెయ్యాలో తెలవదా అని ఆయన వాదన. రిటైరైన లెక్కల మాస్టారి చేతిలో నెట్ రన్‌రేట్ ఉంటుంది. రాజోలు నుంచి కువైట్ వెళ్లిన కుర్రాడొకడు వీడియో కాల్లో ఫీల్డింగ్ సర్దుతుంటాడు. "అన్నయ్యా, ఆ డీప్ మిడ్‌వికెట్ వోణ్ణి కాస్త ఎనక్కి జరగమను!" ఎవరు జరగమనాలో, ఎలా జరగమనాలో ఎవరూ అడగరు. జరగమన్నాడు కాబట్టి ఇక్కడ బెంచీ మీద కూర్చున్నవాళ్లే కాస్త జరుగుతారు.

ఇంతమంది ఉండగా డేనియల్ వెట్టోరికి జీతమిచ్చి మరీ న్యూజిలాండ్ నుంచి హెడ్ కోచ్‌గా ఎందుకు తెచ్చారన్నది సెంటర్ వారి ప్రధాన ఫిర్యాదు.

ఈ ఫిర్యాదుకి పుట్టినరోజు కూడా ఉంది. 2024 మే 26. చెన్నై చెపాక్‌లో ఐపీఎల్ ఫైనల్. మన కెప్టెన్ కమిన్స్ టాస్ గెలిచి బ్యాటింగ్ తీసుకున్నాడు. మొదటి ఓవర్లోనే స్టార్క్ బంతికి అభిషేక్ శర్మ స్టంపు ఎగిరిపోయింది. ఆ మరుసటి ఓవర్లో ట్రావిస్ హెడ్ ఆడిన మొదటి బంతికే వెనక్కి వచ్చేశాడు. 18.3 ఓవర్లలో 113కి ఆలౌట్. కోల్‌కతా వాళ్లు 10.3 ఓవర్లలో కొట్టేసి కప్పు పట్టుకుపోయారు. ఐపీఎల్ ఫైనల్స్‌లో అంతకంటే తక్కువ స్కోరు అప్పటిదాకా లేదు.

"టాస్ గెలిచి బ్యాటింగ్ ఎవడన్నా తీసుకుంటాడేంటండీ?"

"అదేనండీ నేను ముందే అన్నాను."

ముందే అన్నాను అనేవాళ్ల సంఖ్య ఆ రాత్రి అమలాపురం జనాభాని దాటిపోయింది. కానీ ఫైనల్‌కి రెండు రోజుల ముందు, అదే చెపాక్‌లో, రాజస్థాన్ మీద సన్‌రైజర్స్ ముందు బ్యాటింగ్ చేసే గెలిచింది. 175 కొట్టి 36 పరుగుల తేడాతో. ఆ రోజు ఇదే బెంచీ మీద వెట్టోరి చాణక్యుడి మనవడు. షాబాజ్‌నీ అభిషేక్‌నీ స్పిన్‌కి దింపిన తెలివి ఎవరిదండీ అంటే, ఇంకెవరిదండీ, ఆయనదే. నలభై ఎనిమిది గంటల్లో ఆ చాణక్యుడికి క్రికెట్ రాదని తేలిపోయింది.

దీన్ని కోనసీమ వాళ్లకి విడమర్చి చెప్పక్కర్లేదు. సంక్రాంతి బరిలో పుంజు గెలిస్తే పుంజు జాతి గొప్పది, ఓడితే కత్తి కట్టినవాడి తప్పు. ఆడింది పుంజే అయినా ఇంటికి తిట్లు మోసుకెళ్లేది కట్టినవాడే.

ఇలా మోసుకెళ్లినవాళ్లు సన్‌రైజర్స్‌లో చాలామందే ఉన్నారు. 2016లో కప్పు తెచ్చినప్పుడు కోచ్ టామ్ మూడీ. తర్వాత ట్రెవర్ బేలిస్. 2021లో జట్టు ఎనిమిదిలో ఎనిమిదో స్థానం. సీజన్ మధ్యలో వార్నర్‌ని కెప్టెన్సీ నుంచి దించేశారు. బుట్టబొమ్మకి స్టెప్పులేసి మన ఇళ్లల్లోకి వచ్చేసిన మనిషిని దించితే సెంటర్ ఊరుకుంటుందా? మళ్లీ మూడీనే తెచ్చారు, ఎనిమిదో స్థానం. ఈసారి పది జట్లు కాబట్టి దాన్ని అభివృద్ధి అనుకోవాలి. 2023లో సాక్షాత్తూ బ్రయాన్ లారా. పదికి పదో స్థానం. లారాకి బ్యాటింగ్ తెలీదని కూడా మన సెంటర్లో ఒకాయన అన్నారు. టెస్టుల్లో నాలుగువందలు కొట్టినోడండీ అని మాస్టారు గుర్తుచేస్తే, "అది టెస్టండీ, ఇది టీ ట్వంటీ అండీ" అని కొట్టిపారేశారు. మాస్టారు నోరెత్తలేదు.

ఇన్ని నిలదీతలు తెలిసిన మనం కోటిపల్లి–నరసాపురం రైలు ఎందుకు రాలేదని మాత్రం ఏ కోచ్‌నీ అడగం. అక్కడ కూడా పాపం వ్యూహాలు మారాయి, కెప్టెన్లు మారారు. పోన్లెండి, అది వేరే లీగ్.

అలాగని వెట్టోరికి నేను వకాల్తా పుచ్చుకోవడం లేదు. మొదటి బంతి నుంచీ బాదుడే అన్న పాలసీ 287 తెచ్చింది, ఢిల్లీ మీద పవర్‌ప్లేలోనే 125 తెచ్చింది. 2025 సీజన్ మొదటి మ్యాచ్‌లో రాజస్థాన్ మీద 286. ఇక మూడొందలు ఎప్పుడా అని సెంటర్లో పందేలు కూడా కాశారు. ఆ వెంటనే వరసగా నాలుగు ఓటములు. పిచ్ మెత్తబడినా, బంతి ఆగి వస్తున్నా ఆట మాత్రం మారలేదు. కోల్‌కతా మీద 120కే చుట్టేశారు. పంజాబ్ మీద అభిషేక్ 141 కొట్టి 246 ఛేదించాక మళ్లీ చాణక్యుడు వెనక్కొచ్చాడు, మళ్లీ వెళ్లిపోయాడు. చివరికి ఆరో స్థానం. ఇక్కడ తిట్టడానికి నిజంగానే సరుకుంది. సెంటర్ వారు మాత్రం ఆ సరుకు ముట్టుకోకుండా టాస్ దగ్గరే ఆగిపోయారు.

ఇదే ఊళ్లో పుట్టిన బ్యాడ్మింటన్ కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ ఆటకి మాత్రం ఇంత మంది కోచ్‌లు లేరు. 2024 పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్స్‌లో మలేసియా జంట మీద మొదటి గేమ్ గెలిచి, తర్వాతి రెండూ ఓడినప్పుడు సెంటర్ నిజంగానే బాధపడింది. కానీ కోచ్ మథియాస్ బో పేరెత్తి ఎవరూ తిట్టలేదు. అంత తిట్టేంత బ్యాడ్మింటన్ మనకి రాదు మరి. ఆయన తనంతట తనే కోచింగ్‌కి దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

ఆ సాత్విక్‌ని ముంబై కుర్రాడు చిరాగ్ శెట్టితో జత కలిపింది మలేసియా కోచ్ టాన్ కిమ్ హర్. ఇద్దరూ వెనక నుంచి స్మాష్ కొట్టేవాళ్లే, నెట్ దగ్గర ఆడేవాడు ఎవడని అప్పట్లో వాళ్లిద్దరికే అనుమానం. మన సెంటర్‌ని అడిగుంటే ఏమనేదో మీకు తెలుసు. "ఇద్దరూ ఎనకాల నిలబడితే ముందెవడు నిలబడతాడండీ, ఆ కోచా?" 2022లో థామస్ కప్ ఫైనల్లో ఇండోనేసియా జంట మీద నాలుగు మ్యాచ్ పాయింట్లు కాచుకుని గెలిచింది ఆ జంటే. మరుసటేడు ఆసియా క్రీడల్లో స్వర్ణం, ఆపైన ప్రపంచ నంబర్ వన్. కోనసీమ కుర్రాడికి జరిగిన అతి గొప్ప కోచింగ్ నిర్ణయం కోనసీమ వాళ్లని అడక్కుండా జరిగింది.

అందుకని సెంటర్ పెద్దలకి ఒక మనవి. మ్యాచ్ రోజు ఏడు గంటల లోపు, టాస్ పడకముందే, గెలిస్తే ఏం తీసుకోవాలో, ఎవరిని దింపాలో ఒక చీటీ మీద రాసి, సంతకం పెట్టి, టీ కొట్టు యజమానికి ఇచ్చేయండి. కువైట్ తమ్ముడు వాట్సాప్‌లో పెట్టినా చెల్లుతుంది. మ్యాచ్ అయ్యాక చీటీ విప్పుదాం. రాసింది రాసినట్టు జరిగినవాళ్లు వెట్టోరిని తెల్లారేదాకా తిట్టుకోవచ్చు. చీటీ ఇవ్వనివాళ్లు టీ డబ్బులిచ్చి ఇంటికెళ్లాలి.