మూతుల వాసన

తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అనడం మన దగ్గర వెక్కిరింత. పాకిస్తాన్‌లోని ముల్తాన్‌లో అది ఎన్నికల ప్రణాళిక.

సూఫీ గురువు బహావుద్దీన్ జకరియా 1262లో కన్నుమూశాడు. ఆయన గద్దీకి, అంటే దర్గా పీఠానికి, వారసుడు షా మహమూద్ ఖురేషీ. ఏళ్ల తరబడి ఉరుసుల్లో సమాధిని పన్నీటితో కడిగింది, చాదర్ కప్పింది ఆయనే. ఎక్కడో సింధ్ నుంచి వచ్చిన మురీదులు, అంటే శిష్యులు, ఆ చేతినే కళ్లకద్దుకునేవారు. ఖురేషీ తండ్రి సైనిక పాలకుడు జనరల్ జియా హయాంలో పంజాబ్ గవర్నర్. కొడుకు ముందు నవాజ్ షరీఫ్ పంచన చేరి, 1993లో బేనజీర్ పీపుల్స్ పార్టీకి, 2011లో ఇమ్రాన్ పార్టీకి మారాడు. చివరి రెండు చోట్లా విదేశాంగ మంత్రే. ఔలియా చలవ!

అదే ఊళ్లో మూసా పాక్ దర్గా ఉంది. ఆ వంశపు యూసుఫ్ రజా గిలానీ కూడా జియా కాలంలో మొదలై, పీపుల్స్ పార్టీలోకి దూకి, 2008లో ప్రధాని అయ్యాడు. ముల్తాన్ ఓటరుకు స్వేచ్ఛకేం లోటు? ఈ దర్గానా, ఆ దర్గానా, తేల్చుకుంటే చాలు.

ఇందులో దొరల మహిమా ఉందండోయ్. 1857లో ఖురేషీల పెద్దాయన ఇంగ్లీషువాళ్ల కొమ్ము కాసి ఇనాములు పుచ్చుకున్నాడు. 1959లో సైనిక పాలకుడు అయూబ్ ఖాన్ దర్గాలను ఔకాఫ్ (ధర్మాదాయ) శాఖ కిందికి తెచ్చాడు. హుండీ సర్కారుకు పోయింది, ఓట్లు మాత్రం దర్గా గురువులైన పీర్ల దగ్గరే ఉండిపోయాయి.

సింధ్‌ది ఇంకో తమాషా. అక్కడి పీర్ పగారోకు ప్రాణాలిచ్చే మురీదులు హుర్‌లు. వాళ్లతో కలిసి తిరగబడ్డాడని ఇంగ్లీషువాళ్లు 1943లో ఆయన్ని ఉరితీసి, కొడుకులను ఇంగ్లండ్ పంపారు. దైవదత్తమని చెప్పే ఆ గద్దీని 1952లో పాకిస్తాన్ సర్కారువారు పెద్దకొడుక్కి దయచేశారు. తండ్రి ఇంగ్లీషు సైన్యంపై పోరాడి చచ్చాడు. కొడుకు తాను పాకిస్తాన్ సైన్యం మనిషినని బాహాటంగానే చెప్పుకున్నాడు. 1985లో జియా ప్రధానిగా కూర్చోబెట్టిన జునేజో ఈయన మురీదే.

మురీదులు ఎప్పటికీ మారరా అంటే, 1988లో సింధ్‌లోని ఖైర్‌పూర్ ఓటర్లు సాక్షాత్తూ పగారో సాహెబ్‌నే ఓడించారు. విప్లవం వచ్చేసిందని సంబరపడబోయి, గెలిచిందెవరని ఆరా తీస్తే పర్వేజ్ అలీ షా జీలానీ అన్నారు. ఆయనా పగారోలాగే ప్రవక్త వంశం తమదని చెప్పుకునే సయ్యదే.