కొత్త కారు నిందావ్రతం: విధానం, ఫలశ్రుతి

ఇది ఏటా చేసే వ్రతం కాదు. ఆరేళ్లకో తొమ్మిదేళ్లకో ఒకసారి వస్తుంది. బీఎండబ్ల్యూ ఫైవ్ సిరీస్ 1972లో పుట్టింది. ఆ తర్వాత 1981, 1988, 1995, 2003, 2010, 2017, చివరిగా 2023లో కొత్త రూపం ఎత్తింది. ఎనిమిది అవతారాలంటే భక్తులకు కావలసినంత సాధన జరిగినట్టే. కొత్తగా చేరేవారి సౌకర్యార్థం విధానం ఇక్కడ క్రోడీకరించడమైనది. మొదటిది సంకల్పం. కారు మీది ముసుగు తీసిన గంటలోపు మొదటి నింద పడిపోవాలి. దానికి ఫొటో చాలు. పొరపాటున ఎక్కి పది కిలోమీటర్లు నడిపారో, బాగుందనిపించే ప్రమాదం ఉంది, వ్రతభంగమవుతుంది. గోత్రనామాలు పైకి చెప్పుకోవచ్చు గానీ, ‘ఈ కారు నేను ఎలాగూ కొనబోవడం లేదు’ అన్న మాట మాత్రం మనసులోనే అనుకోవాలి. వ్రతమంతా నిలబడింది ఆ ఒక్క మాట మీదే. ఎలాగన్నది ఫలశ్రుతిలో తేలుతుంది.

తరవాత కలశస్థాపన. వెనకటి తరాల్లోంచి ఒక కారును తెచ్చి పీట మీద పెట్టాలి. ఎక్కువమంది 1995 నాటి ఈ39ని పెడతారు. తప్పులేదు, అందమైన కారే. అందులోనూ 1998లో వచ్చిన ఎమ్5 అయితే మరీ శ్రేష్ఠం: ఎనిమిది సిలిండర్లు, 400 గుర్రాలు, చేత్తో వేసుకునే ఆరు గేర్లు. దాని స్టీరింగును తలుచుకుని కళ్లు మూసుకోవాలి. ఆ బానెట్ కింద వీ8 ఇంజిన్ కూర్చోబెట్టాక ర్యాక్ స్టీరింగుకు చోటు చాలలేదనీ, అందుకే కంపెనీ పాతకాలపు రీసర్క్యులేటింగ్ బాల్ పద్ధతితో సరిపెట్టిందనీ, ర్యాక్ స్టీరింగు దక్కింది చవకైన ఆరు సిలిండర్ల కార్లకేననీ ఎవరైనా గుర్తు చేస్తే కళ్లు తెరవకండి. అదే ఊపులో ‘నాలుగు సిలిండర్లతో ఫైవ్ సిరీసా!’ అని ముక్కు మీద వేలు వేసుకోవాలి. 1972లో మొట్టమొదట వచ్చిన 520 నాలుగు సిలిండర్లదే. ఆరు సిలిండర్ల 525 మరుసటి ఏడు గానీ రాలేదు. కానీ శాస్త్రం చూసుకుంటూ కూర్చుంటే ఆచారం సాగదు.

మూడోది దోషి నిర్ణయం. కారును వందలమంది కలిసి తయారు చేస్తారన్నది నిజమే, అయితే వందమందిని తిడితే తిట్టు పలచబడుతుంది. ఒక్కణ్ని ఎంచుకోవాలి. ఇందులో ఇప్పటికీ ఆదర్శం క్రిస్ బాంగిల్ వ్యవహారమే. ఆయన డిజైన్ అధిపతిగా ఉండగా 2001లో వచ్చిన సెవెన్ సిరీస్ డిక్కీ చూసి, ఆయన్ని పంపించేయమంటూ వేలమంది సంతకాలు చేశారు. 2003లో ఈ60 ఫైవ్ సిరీస్ వచ్చి, దాని హెడ్‌లైట్లు కనుబొమలెత్తి చూస్తున్నట్టుంటే, ఆ పాపమూ ఆయన ఖాతాలోకే వెళ్లింది. నిజానికి ఆ సెవెన్ సిరీస్ బయటి రూపం గీసినవాడు ఆడ్రియన్ వాన్ హూయ్‌డోంక్. 2009లో బాంగిల్ వెళ్లిపోయాక ఆ కుర్చీలో కూర్చున్నదీ ఆయనే. ఈ60 గీతలు దావిడే ఆర్కాంజెలీవి, ఆ కారు రోడ్డెక్కడం చూడకుండానే ఆయన చనిపోయాడు. కాబట్టి నియమం ఏమిటంటే, ఎవరు గీశారని విచారించకండి. విచారిస్తే కోపం జాలిగా మారిపోతుంది. ఇక తిట్లు తిన్న ఆ ఈ60 ఏమైంది? పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. అందులో ఎమ్5కి పెట్టిన పది సిలిండర్ల, 507 గుర్రాల ఇంజిన్ పేరు చెబితే ఇవాళ అదే భక్తులకు గొంతు పూడుకుపోతుంది. కారులో ఒక్క రేకు కూడా మారలేదు. మారిందల్లా మధ్యలో గడిచిన ఇరవయ్యేళ్లు.

అయితే నిందలన్నీ ఉత్త మొండితనమేనా అని గిట్టనివాళ్లు అడుగుతారు. కావు. తూకానికీ టేపుకీ దొరికే నిందలున్నాయి, వాటిని వ్రతంలో వెనక వరసలో దాచి ఉంచాలి, ఎందుకంటే అవి రుజువైపోతాయి. మొదటి ఫైవ్ సిరీస్ పొడవు 4,620 మిల్లీమీటర్లు, 2023 నాటిది 5,060. తొంభైలనాటి సెవెన్ సిరీస్ కూడా 4,984 మిల్లీమీటర్లే కనుక, తమ్ముడు అన్నగారి చొక్కా కూడా బిగుతయ్యేంతగా పెరిగి కూర్చున్నాడన్నమాట. 2024లో వచ్చిన ఎమ్5 సంగతి ఇంకా విచిత్రం. వీ8కి తోడు మోటారూ, బ్యాటరీ చేరి బలం 600 గుర్రాల నుంచి 727కి పెరిగింది. బరువు మాత్రం అర టన్నుకు పైగా పెరిగి 2,400 కిలోలు దాటింది. గంటకు వంద కిలోమీటర్ల వేగం అందుకునే సమయం కంపెనీ లెక్కల్లోనే 3.4 సెకన్ల నుంచి 3.5కి జారింది. నెయ్యి పెరిగింది, రుచి తగ్గింది. దీనికి కంపెనీ దగ్గర జవాబు లేకపోలేదు: యూరప్‌లో పొగ లెక్కలు బిగుసుకున్నాయి, పెద్ద ఇంజిన్ బతకాలంటే బ్యాటరీ మోయక తప్పదు, ఒకే ఒంట్లో పెట్రోలూ కరెంటూ రెండూ ఇమడాలంటే ఒళ్లు పెరగక తప్పదు. ఆ జవాబు న్యాయమైనదే. నిందా న్యాయమైనదే. రెండూ నిజమైనప్పుడు భక్తుడు చేయవలసింది గొంతు పెంచడం.

తెరల విషయంలో భక్తుల మాట మరీ కొట్టిపారేయలేనిది. కొత్త కారులో 12.3 అంగుళాలది ఒకటి, 14.9 అంగుళాలది ఒకటి, రెండు తెరలు ఒకే అద్దం కింద వంగి ఉంటాయి. ఏసీ తగ్గించాలన్నా తెర మీదే వేలు పెట్టాలి. బండి ఆపి ఉన్నప్పుడు ఫోనునే మీటగా చేసుకుని అదే తెర మీద వీడియో గేములూ ఆడుకోవచ్చు. ట్రాఫిక్ జామ్‌కి ఇదొక ఉపాయమని మురిసిపోకండి, బండి పార్కు చేసి ఉండాలి. కళ్లు రోడ్డు మీంచి తియ్యకుండా వేలికి తగిలే మీట మంచిదన్న పాత వాదాన్ని చాదస్తమని నవ్వినవాళ్లున్నారు. చివరికి కార్ల భద్రతకు మార్కులు వేసే యూరో ఎన్‌క్యాప్, 2026 నుంచి ఇండికేటర్లు, వైపర్లు, హారన్ వంటి వాటికి విడిగా మీటలు లేకపోతే మార్కులు కోస్తామంది. భక్తుడు గెలిచిన అరుదైన ఘట్టం ఇది. కానీ గమనించండి, గెలిచింది వేలికీ కంటికీ సంబంధించిన చోట. ‘బ్రాండు చచ్చిపోయింది’ అన్న జోస్యం మాత్రం ఎనిమిది తరాలుగా ఒక్కసారీ ఫలించలేదు.

మన దేశంలో వ్రతం చేసేవారికి ఒక ప్రత్యేక నియమం. 2024 జులైలో ఇక్కడికి వచ్చింది పొడుగు చేసిన రకం. స్టీరింగు కుడివైపు ఉండే దేశాల్లో అది మొదట వచ్చింది మనకే, బిగించేది చెన్నైలో. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య 110 మిల్లీమీటర్లు అదనం, ధర విడుదల నాటికి 72.9 లక్షలు. ఆ అదనమంతా వెనక సీటుకే, అంటే యజమాని కాళ్లకే. చైనాలో 2006 నుంచే ఈ పద్ధతి ఉంది. స్టీరింగు చేతికి రోడ్డు కబుర్లు చెప్పడం లేదని ఇక్కడ బాధపడాలంటే ముందు ఆ స్టీరింగు ఎవరి చేతిలో ఉందో చూడాలి. జూబ్లీహిల్స్ ఎత్తుల మీద ఆ కబుర్లు వినేది డ్రైవరు. వెనక కూర్చున్నాయన వింటున్నది ఫోను. పెద్దగా, మెత్తగా, నిశ్శబ్దంగా తయారైందని అభిమాని పెట్టే మూడు నిందలూ ఆయన దృష్టిలో డబ్బు పెట్టి కొనుక్కున్న మూడు సుగుణాలు.

ఇక ఫలశ్రుతి. కారును కంపెనీ మొదటి యజమాని కోసం తయారు చేస్తుంది. అభిమాని మూడో యజమాని. 72 లక్షల కారు పదేళ్లు గడిచి, రెండు చేతులు మారి, ఒక చిన్న కొత్త కారు ధరకు దిగి వచ్చినప్పుడు గానీ ఆయన వంతు రాదు. అప్పటికి దాని తర్వాతి తరం వచ్చి ఉంటుంది, దాన్ని తిట్టే పనిలో పాతదాని తప్పులు మరుపున పడి ఉంటాయి. ప్రేమ ధరతోపాటే దిగి వస్తుంది. కన్ను అలవాటు పడటమే కారణం, డబ్బుతో పని లేదని కొందరంటారు. కన్ను అలవాటు పడటం నిజమే, కాకపోతే అలవాటు ఒక్కటే అయితే తిట్టు ఆగిపోవాలి. ఆరాధనగా మారడానికి చేతికి అందుతుందన్న ఆశ కూడా కావాలి. మరి కొననివాడికి మాట్లాడే హక్కు లేదా అంటారా? భేషుగ్గా ఉంది. వంట బాగోలేదనడానికి హోటలు కొననక్కర్లేదు. పైగా మొదటి యజమాని మూడేళ్లలో కారు మార్చి దాన్ని మరిచిపోతాడు. పాత ఫైవ్ సిరీస్ ఇవాళ తుక్కుగా పోకుండా నడుస్తున్నదంటే, దానికి విడిభాగాలు వెతుకుతున్న మూడో యజమాని వల్లే. కంపెనీ కారు అమ్ముతుంది, దానికి చరిత్ర మాత్రం ఈ తిట్టేవాళ్లే రాస్తారు.

చివరిగా ఉద్వాసన. ఏ వ్రతంలోనైనా దేవుణ్ని సాగనంపేటప్పుడు మళ్లీ రమ్మని చెప్పే పంపిస్తారు. పీట కదిలించే ముందు, ఇంతసేపూ తిట్టిన ఆ 2023 కారుకూ ఆ మాట చెప్పండి. 2035 ప్రాంతంలో అది వస్తుంది, రంగు కాస్త వెలిసి, మీకు అందే ధరలో. ఆ రోజుకి ఆ తెరలు ఎంత ముచ్చటగా వంగి ఉండేవో చెప్పడానికి మాటలు ఇప్పటి నుంచే కొన్ని దాచుకోండి.