సెక్షన్ 46

మైనింగ్ కాలేజీలో జియాలజీ చెప్పే ఆవిణ్ణి పిల్లలు చాటున ‘డిప్పు మేడమ్’ అనేవాళ్లు. బొగ్గుపొర ఏ దిక్కుకు ఎంత వాలిందో అడిగితే అక్కడికక్కడే చెప్పగలదని ఆ పేరు.

ఉద్యోగంలో చేరిన ఏడాదే విద్యార్థులను వెంటబెట్టుకుని గోదావరి లోయలోని ఒక బొగ్గుబాయికి వెళ్లారు. పిల్లలు టోపీలకు లైట్లు తగిలించుకుని, నడుముకు బ్యాటరీలు బిగించుకుని వరసలో నిలబడ్డారు. మేడమ్ కూడా లైటు కోసం చెయ్యి చాపితే, ఇచ్చే మనిషి మేనేజర్ మొహంలోకి చూశాడు. మేనేజర్ మర్యాదస్తుడే. కుర్చీ వేయించి, టీ తెప్పించి, 1952 నాటి గనుల చట్టంలో సెక్షన్ 46 తీసి ముందు పెట్టాడు. గనిలో భూమి లోపలి ఏ భాగంలోనూ ఆడవాళ్లను పనిలో పెట్టుకోరాదు.

“పనిలో పెట్టుకోవద్దనే కదా ఉంది? నాకు జీతమిచ్చేది మీరు కాదుగా!”

ఆయన పుస్తకం మూసేశాడు. “చట్టం సంగతి ఎలాగో సర్దుకోవచ్చు. కార్మికులు ఒప్పుకోరు మేడమ్. ఆడమనిషి దిగితే మైసమ్మకు కోపమొస్తుందంటారు.”

బాయిలోకి వాలుగా దిగే ఇంక్లైన్ మూతి దగ్గర పసుపు పూసిన రాయి, కుంకుమ బొట్లు, ఎర్ర జాకెట్టుముక్క. మేడమ్ అటు ఒకసారి చూసి వచ్చారు.

“యుద్ధానికి బొగ్గు చాలక 1943లో బెంగాల్, బిహార్ గనుల్లోకి ఆడవాళ్లను దింపారు. యుద్ధం అయిపోయాక 1946లో మళ్లీ వద్దన్నారు. అన్నేళ్లూ అమ్మవారు ఊరుకుందా?”

“టీ చల్లారిపోతోంది మేడమ్,” అన్నాడు మేనేజర్.

అప్పటినుంచీ బాయి బయట వేపచెట్టు కింద కుర్చీయే ఆవిడకు ఫీల్డు. పిల్లలు లోపల కంపాస్‌తో కొలిచి తెచ్చిన అంకెలు చూసి, పైన కాగితం మీద బాయి గీసేవారు. ఆ అంకెల్లో దొంగతనం ఇట్టే దొరికిపోయేది. రీడింగులు తేడాగా ఉంటే, “పట్టాల పక్కన నిలబడి తీశారు. ఇనుము దగ్గర ముల్లు మాట వినదని చెప్పానా లేదా?” అనేవారు. ఒకడు స్ట్రయిక్ ఈశాన్యం, డిప్పు కూడా ఈశాన్యం అని రాసుకొచ్చాడు. స్ట్రయిక్‌కు అంటే పొర అడ్డంగా సాగే దిక్కుకు సరిగ్గా లంబంగానే అది వాలుతుంది. రెండూ ఒకే దిక్కున ఉండడం పాతిక కోట్ల ఏళ్లకు పైబడిన మన బరాకర్ పొరల బొగ్గుకే కాదు, ఏ రాతికీ సాధ్యం కాదు.

“ఏం బాబూ, క్యాంటీన్ బల్లకు డిప్పు కొలిచావా?”

వాడు ఆ పూటంతా క్యాంటీన్‌లోనే ఉన్నాడు మరి. మర్నాడు మళ్లీ దింపి కొలిపించారు.

ఒకసారి మ్యాపు మీద ఎర్ర పెన్సిల్‌తో గీత గీసి, ఇక్కడ ఫాల్ట్ ఉంది, పొర తెగిపోతుంది, గ్యాలరీ ఇటు తీసుకుపోవద్దన్నారు. చూడకుండా ఎలా చెబుతారన్నారు బాయివాళ్లు. కొన్నాళ్లకు గ్యాలరీ అక్కడే రాతిగోడకు తగిలి ఆగింది. ఆ రోజు కూడా మేనేజర్ మంచి టీ ఇప్పించాడు.

ఆ మ్యాపుల మీదే డాక్టరేటు వచ్చింది, పేపర్లు వచ్చాయి. ప్రొఫెసర్ ఇంటర్వ్యూలో మాత్రం ఒక పెద్దమనిషి అండర్‌గ్రౌండ్ అనుభవం ఎంత అని అడిగాడు. చట్టం తిరగేసుకోమన్నారు మేడమ్. ఆ విడతలో పోస్టు ఇంకొకరికి పోయింది. ఆవిడకు వచ్చాక పరీక్షల విభాగమనీ, కమిటీలనీ నగరంలోనే కట్టిపడేశారు.

2019లో చట్టం సడలింది. సాంకేతిక, పర్యవేక్షణ, మేనేజర్ పనులకు ఆడవాళ్లు పగటిపూట భూగర్భ గనుల్లోకి దిగవచ్చన్నారు, అందుకు రాతపూర్వకంగా సమ్మతి ఇవ్వాలన్నారు. మేడమ్ రిటైర్మెంట్ దగ్గరపడింది. పాత బాయి దగ్గర ప్రాజెక్ట్ ఆఫీసరుగా ఉన్నది ఎవరో కాదు, ఆ క్యాంటీన్ శిష్యుడే. ఫోన్ చేసి, అదే బాయి చూడాలని అడిగారు.

“రాండ్రి మేడమ్. దగ్గరుండి చూపిస్త.”

కొత్త బూట్లు, పాత కంపాస్ తీసుకుని వెళ్లారు. అతను కాళ్లకు మొక్కి, హెల్మెట్ ఇచ్చి, జీపులో ఎక్కించుకుని వ్యూ పాయింట్ దగ్గర ఆపించాడు. కింద మెట్లు మెట్లుగా తవ్వేసిన పెద్ద గొయ్యి. డంపర్లు మట్టి మోస్తున్నాయి. అడుగున మిగిలిన బొగ్గు గోడలో పాత గ్యాలరీలు అడ్డంగా తెగి, నల్లటి చదరాలుగా వరసగా నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. వాటి చివర పొర తెగి కిందికి జారిన ఫాల్ట్ కనిపిస్తోంది, ఎర్ర పెన్సిల్‌తో గీసిన చోటే.

“ఇంక్లైన్ ఎటుండేది?”

అతను వేలు ఎత్తి గొయ్యి మీది గాలిలోకి చూపించాడు. “గక్కడ మేడమ్. మైసమ్మ గుడి ఆఫీసు పక్కన కొత్తగ కట్టించినం.”

మేడమ్ సంచిలోంచి కాగితం తీసి అతని చేతిలో పెట్టారు. నా ఇష్టపూర్వకంగానే దిగుతున్నానని ఇంటి దగ్గరే రాసి, సంతకం చేసి తెచ్చుకున్న సమ్మతి పత్రం. అతను రెండుసార్లు చదివి, మర్యాదగా మడిచి తిరిగి ఇచ్చేశాడు.

“గిది ఎందుకు మేడమ్? లోపలికి పోయేటోళ్లకైతే కావాలె. ఇప్పుడు లోపలనేదే లేకపాయె!”