ఇన్వర్టరు తీగ పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: కరెంటు స్తంభం చేరని మామిడితోటలో షెడ్డు వేసుకుని, పైన సోలార్ పలకలు, కింద 12 వోల్టుల బ్యాటరీ, 1,000 వాట్ల ఇన్వర్టరు పెట్టుకున్న ఒక గృహస్థు, నిండు లోడు వేసిన ప్రతిసారీ ఇన్వర్టరు కుయ్యోమనగా ఆర్తుడై చెప్పుకున్న ఆటవెలది ఇది. ఆ గృహస్థును నేనే, టీకాకారుణ్నీ నేనే. కవి హృదయం కోసం వెతుక్కోనక్కర్లేదు.

రాగి తీగ లావు, రవ్వంత పొడవును
బిగువు కలుగు లగ్గు, పెట్టె ఫ్యూజు
ఇవియె లేని యింట నిన్వర్టరుండినన్
తీగె పొయ్యి యగును తెలియుమయ్య

ప్రతిపదార్థం: రాగి తీగ = బ్యాటరీ నుంచి ఇన్వర్టరుకు పోయే కేబులు; లావు = స్క్వేర్ ఎంఎం; రవ్వంత పొడవు = రెండూ పక్కపక్కనే ఉండుట; బిగువు కలుగు లగ్గు = తీగ కొసకు వేసే లోహపు తొడుగు, సుత్తితో కొట్టినది కాక, సరైన డై వేసి క్రింపింగు మెషీనుతో నొక్కినది; పెట్టె ఫ్యూజు = ఇది వివాదాస్పదం, కింద చూడుడు; పొయ్యి = పొయ్యే.

తాత్పర్యం: ఇన్వర్టరుకు పన్నెండు వేలు పోసి తీగ దగ్గర పన్నెండు వందలు మిగుల్చుకోబోకు.

విశేషాలు: ముందుగా 'లావు'. 1,000 వాట్లంటే 220 వోల్టుల దగ్గర అయిదు ఆంపియర్లయినా లేవు. అదే 12 వోల్టుల దగ్గర, ఇన్వర్టరు తినేది కూడా కలుపుకుంటే, 98 దాకా వస్తాయి. మా మెకానిక్కు వేసినది 10 స్క్వేర్ తీగ, పోను మూడు మీటర్లు, రాను మూడు. మీటరుకు 1.91 మిల్లీ ఓముల లెక్కన దారిలోనే 1.1 వోల్టు హరీ. పాపం బ్యాటరీ నిండుగానే ఉంది, ఇన్వర్టరు దాకా వచ్చేసరికి అది ఖాళీదిగా కనబడుతోంది! 35 స్క్వేర్ తీగ మీటరు చొప్పున వేస్తే పోయేది 0.11 వోల్టు. స్తోమత ఉన్నవారు 48 వోల్టుల వ్యవస్థకే పోవచ్చు. అక్కడ ఆంపియర్లు నాలుగో వంతు, అదే తీగలో నష్టం పదహారో వంతు.

'పొయ్యి' అనడం రూపకాలంకారమని కొందరు. కాదు, స్వభావోక్తి. పోయిన ఆ వోల్టు 110 వాట్ల వేడిగా తీగలోనే తేలుతుంది. చెయ్యి పెట్టి చూసినవాణ్ని నేను.

ఇక 'రాగి'. పై లెక్కంతా తీగ రాగిదైతేనే. అనుమానమొచ్చి ఒక పోగు లాగి చాకుతో గీకాను. ఎర్రపూత లేచిపోయి లోపల తెల్లగా మెరిసింది. అల్యూమినియం! రాగి మోసేదాంట్లో అది మోసేది అరవై శాతమే. కాబట్టి కొనేటప్పుడు కేబులు వీపు మీద అచ్చు చదవాలి: ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 694. లోపలి పోగుల సంగతి ఐఎస్ 8130 చూసుకుంటుంది, మెత్తగా వంగే బహుపోగుల తీగకు అందులో పేరు క్లాస్ 5.

పూర్వపక్షం: 'వెల్డింగు కేబులు మెత్తన, లావు, చవక. అదే వేస్తే పోలేదా?' సమాధానం: దాని ప్రమాణం వేరు, ఐఎస్ 9857. కాసేపు అతికి కాసేపు ఆగే పని కోసం పుట్టిన తీగ అది. రాత్రంతా ఫ్యాను తిప్పే ఇంట్లో, ఆసిడ్ ఆవిరి పక్కన, గోడకు శాశ్వతంగా బిగించడానికి కాదు.

'పెట్టె ఫ్యూజు' అన్నచోట మెకానిక్కుల వ్యాఖ్యానం 'ఎక్కడో ఒకచోట పెట్టే ఫ్యూజు' అని. అపార్థం. పెట్టె అంటే బ్యాటరీ పెట్టె. ఫ్యూజు దాని పాజిటివ్ టెర్మినల్ పక్కనే ఉండాలి. దూరంగా పెడితే మధ్యనున్న తీగ అనాథ. ఎలుక కొరికి షార్టయిందా, బ్యాటరీ వేయి ఆంపియర్లకు పైగా కుమ్మరిస్తుంది, ఆపే నాథుడుండడు. ఇంట్లో మిగిలిన ఏసీ ఫ్యూజు పెడతానంటే కుదరదు. ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు వస్తుంది కనుక నిప్పురవ్వ ఆరుతుంది, డీసీకి ఆ మర్యాద లేదు. 'డీసీ' అని రాసి ఉన్నదే కొనాలి.

మా షెడ్డులో ఇప్పుడున్నది 35 స్క్వేర్ తీగ, 125 ఆంపియర్ల డీసీ ఫ్యూజు. ఇన్వర్టరు నోరెత్తడం లేదు. పాత తీగ మీద తువ్వాళ్లు ఆరేస్తున్నాం.