గిరాకు టైంటేబుల్ పంపండి

సూరత్ కార్లకు ఏటా రెండుసార్లు ప్రకృతి మీద ప్రేమ పొంగుతుంది: మే నెలలో ఒకసారి, దీపావళికి ఒకసారి. పిల్లలకు జలపాతం చూపిద్దామని మండుటెండలో డాంగ్ అడవుల దారి పడతారు. తీరా వఘయి దగ్గర గిరా జలపాతానికి చేరితే కనిపించేది బండరాళ్లు. అంబికా నది తప్పేం లేదు. గుజరాత్‌లో వానలు దండిగా పడే ఈ డాంగ్ జిల్లాలో అది జూలై, ఆగస్టుల్లో దూకుతుంది. అప్పుడు మనవాళ్లకు యూనిట్ టెస్టులు! దాంతో సాపుతారా హిల్ స్టేషన్ చెరువులో బోటెక్కి, ప్రకృతి పూర్తయిందనిపించి, మిగతా సెలవులు 182 మీటర్ల పటేల్ విగ్రహం కింద సెల్ఫీలకు కేటాయిస్తారు. విగ్రహం ఏ కాలంలోనైనా అంతే ఎత్తుంటుంది, అదో సౌకర్యం.

వానల్లో ఘాట్ రోడ్డు ప్రమాదం కదా అంటారు. నిజమే, రాత్రిపూట వద్దు, తొందర అసలొద్దు. అయినా సాపుతారాలో వానాకాలపు ఉత్సవం జరిపేది సర్కారే. చదువు పాడవుతుందంటారా? జలచక్రం బొమ్మకు నీలిరంగు పూసి పదికి పది తెచ్చుకున్న పిల్లాడు నిండు నదిని చూస్తే ఏ మార్కులు తగ్గుతాయి? ఒక శనివారం బడులే బస్సు మాట్లాడుకుని తీసుకెళ్లొచ్చు. కాకపోతే వాటి విహారయాత్ర ఈపాటికే వాటర్ పార్కుకు బుక్కయి ఉంటుంది.