ఆదివార రామాయణ వాక్యం: టీకా తాత్పర్యం

మూలం: తొమ్మిదిన్నరకు రామాయణమును జూచిన ముదినేపల్లివాడు పిదప దానిపై గ్రంథమును జదువును.

అవతారిక: సీరియల్ చూడటానికి కళ్లు చాలు. దాని మీద ఆచార్యులు రాసినది చదవడానికి ఓపిక కూడా కావాలి. ఈ రెండు పనులూ ఒకే మనిషి చేసినప్పుడు కలిగే ఫలాన్ని ఈ వాక్యం సూచిస్తోంది.

ప్రతిపదార్థం:

తొమ్మిదిన్నరకు = ఉదయం తొమ్మిదిన్నర గంటలకు. 'ఆదివారం' అని అధ్యాహారం చేసుకోవాలి. ఆ ఆదివారాలు 1987 జనవరి 25న మొదలై 1988 జూలై 31 వరకు సాగాయి. 'కరెంటుండగా' అని పాఠాంతరం. అనుభవానికి దగ్గరగా ఉన్నందున అదే గ్రాహ్యం.

రామాయణమును = రామానంద్ సాగర్ దూరదర్శన్ కోసం తీసిన 78 భాగాల సీరియల్‌ను. వాల్మీకి కావ్యమని భ్రమపడరాదు. ఆధారగ్రంథాలుగా వేసిన పేర్లలో తులసీదాసు, కంబరుల కృతులతో పాటు మన రంగనాథ రామాయణమూ ఉంది. మాటలు మాత్రం హిందీ.

చూచిన = అరుణ్ గోవిల్‌ను రాముడిగా, దారాసింగ్‌ను హనుమంతుడిగా చూచిన. సొంత ఇంట్లోనా, టీవీ ఉన్న పొరుగింట్లోనా అన్నది మూలకారుడు చెప్పలేదు. రెండూ సంభవమే.

ముదినేపల్లివాడు = గుడివాడకూ కైకలూరుకూ నడుమనున్న ఊరివాడు. ఉపలక్షణం కనుక ఆడవారినీ కలుపుకోవాలి.

గ్రంథమును = జాత్యేకవచనం. ఫిలిప్ లుట్‌గెన్‌డార్ఫ్ వ్యాసం (1990), పూర్ణిమా మంకేకర్ పుస్తకం (1999), అరవింద్ రాజగోపాల్ పుస్తకం (2001) దీని కిందికి వస్తాయి.

పూర్వపక్షం: చూసినదాన్నే మళ్లీ చదవడం పునరుక్తి దోషం కాదా?

సమాధానం: కాదు. చూసినవాడు కథను చూశాడు. గ్రంథం అతను చూసిన తీరును చూస్తుంది. ముఖాల మీద కెమెరా అంతసేపు నిలవడాన్ని ఇంగ్లీషు పత్రికల విమర్శకులు సాగతీత అన్నారు. లుట్‌గెన్‌డార్ఫ్ దానిలో దర్శనాన్ని, కథాకాలక్షేపపు నడకను, రామలీల సంప్రదాయాన్ని గుర్తించాడు. మంకేకర్ ఢిల్లీలో స్త్రీలతో మాట్లాడి, వారు తెర మీది కథను తమ ఇంటి బాధలతోనూ దేశమనే భావనతోనూ ఎలా కలుపుకున్నారో రాసింది. రాజగోపాల్ వాదం రాజకీయపరమైనది. ప్రభుత్వ టీవీ మతగాథను జాతీయ కార్యక్రమంగా చూపడం హిందూ జాతీయవాదం పెరగడానికి అనువైన వాతావరణం కల్పించిందనీ, ఇంగ్లీషు పాఠకుల లోకమూ హిందీ పాఠకుల లోకమూ వేరువేరుగా చీలి ఉండటం ఆ ఉద్యమానికి కలిసివచ్చిందనీ అతని సిద్ధాంతం.

విశేషాంశం: ఈ గ్రంథాల్లోని 'ప్రేక్షకుడు' ప్రధానంగా హిందీ ప్రాంతంవాడు. ముదినేపల్లివాడు తానే అతననుకుంటే అన్వయం చెడుతుంది. హిందీ సంభాషణ పూర్తిగా తెలియకపోయినా, తెలిసిన కథ కనుక ఇతనికి చూడటానికి అడ్డురాలేదు. పైగా ఇతని రాముడికి అప్పటికే ఒక ముఖం ఉంది. 1963 నాటి 'లవకుశ'లో రాముడైన ఎన్.టి. రామారావుది అప్పట్లో ముదినేపల్లి కూడా ఉన్న కృష్ణా జిల్లాలోని నిమ్మకూరు. ఆయన 1982లో తెలుగుదేశం పెట్టి, 1983, 1985 ఎన్నికల్లో పొరుగునున్న గుడివాడ నుంచి గెలిచారు. సీరియల్ నడిచిన కాలమంతా ఆయనే ముఖ్యమంత్రి. తెర మీది దేవుడు ఓటు అడగడం ఇక్కడ టీవీ రామాయణానికి ముందే జరిగింది. అయితే ఆ ఓటు అడిగింది అయోధ్య పేరున కాదు, తెలుగువారి ఆత్మగౌరవం పేరున. కాబట్టి రాజగోపాల్ కార్యకారణ సంబంధాన్ని ఈ ఊరికి ఉన్నదున్నట్టు అతికించడం కుదరదు.

ఆడవారి విషయంలో మరొక గ్రంథం తోడు కావాలి. పౌలా రిచ్‌మన్ 1991లో సంకలనం చేసిన పుస్తకంలో వెల్చేరు నారాయణరావు తెలుగు స్త్రీల రామాయణ పాటల మీద రాశారు. వాటిలో పురిటి నొప్పులు, అత్తింటి ఆరళ్లు, సీత పక్షపు వాదన ముందుకు వస్తాయి. ఆ పాటలు విని పెరిగిన ఆమెకు సాగర్ సీత మౌనం ఎలా తోచి ఉంటుందన్నది ఢిల్లీ స్త్రీల సమాధానాలతో తీరే ప్రశ్న కాదు.

తాత్పర్యం: సీరియల్ చూసినవాడు దాని మీది విశ్లేషణను చదవదగును. చదివేటప్పుడు ఆ విశ్లేషణ ఏ ఊరివారిని అడిగి రాసిందో ముందు చూసుకోవాలి. మూలంలోని 'చదువును' అనే క్రియకు 'తన ఊరిని లెక్కలో ఉంచుకొని' అని చేర్చుకుంటే వాక్యానికి ఇక ఆకాంక్ష మిగలదు.